మద్రాసు బాకీ

తెనాలిలో ఏ అరుగు మీద కూర్చున్నా సరే, అరగంటలో మాట మద్రాసు మీదికి మళ్ళకపోతే ఒట్టు! "మన చక్రపాణిగారు..." అని ఒకరు మొదలుపెడితే, "మన రావికంపాడు గుమ్మడి..." అని ఇంకొకరు అందుకుంటారు. మోరంపూడి జగ్గయ్య, బుర్రిపాలెం కృష్ణ, దుగ్గిరాలలో పెరిగిన జమున, మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అయిన శారద... అందరూ 'మన'వాళ్ళే. 1996లో శారద తెనాలి నుంచే లోక్‌సభకు గెలిస్తే, సినిమా రిలీజైనంత సంబరం మా ఊళ్ళో. మద్రాసు మన చేతికి రాలేదన్న బాధ 1953 నాటి పెద్దలకు ఉంటే ఉండవచ్చు గాని, తెనాలి వాళ్ళు మాత్రం ఆ ఊరిని ఎన్నడూ వదులుకోలేదు. రాష్ట్రం వేరైనా ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా మెయిల్ ఎక్కి వెళుతూనే ఉన్నారు.

వెళ్ళినవాళ్ళలో తెర మీద పేరు పడినవాళ్ళు పదిమంది అయితే, పేరు పడకుండా తిరిగి వచ్చినవాళ్ళు ఎందరో. వాళ్ళ సంగతి ఏ పత్రికలోనూ రాదు. అలాంటివాడొకడు మా ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి నేను రాస్తున్నాను. ఆయన మా నాన్న.

నాన్న బొమ్మలు వేసేవాడు. పదిహేడో ఏట నుంచీ తెనాలి హాళ్ళకు సినిమా బోర్డులు రాశాడు. హీరో మొహాన్ని గళ్ళు గీసి పెద్దది చేసి, బుగ్గ మీద గులాబీ రంగు, మీసం కింద నీలం నీడ వేస్తే, రిక్షావాళ్ళు ఆగి చూసేవాళ్ళట. ఈ 'ట' మా మేనత్తది. నాన్న తన గురించి తాను చెప్పుకోడు. 1979లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ట్రంకుపెట్టెలో కుంచెలు పెట్టుకుని మద్రాసు వెళ్ళాడు. వడపళనిలో ఒక పెయింటింగు మేస్త్రీ దగ్గర రోజుకూలీకి కుదిరి సెట్లకు రంగులు వేశాడు. 1982లో తిరిగి వచ్చాడు. ఆ ఏడే పెళ్ళి. అమ్మది రేపల్లె. తెనాలి నుంచి రైలెక్కితే గంట ప్రయాణం.

పెళ్ళైన కొత్తలో అమ్మతో ఆయన అన్న మాట ఒకటుంది: "ఆర్నెల్లు ఆగు, నీకు మద్రాసు చూపిస్తా." ఆ ఆర్నెల్లు నలభై రెండేళ్ళయింది!

మధ్యలో తీరిక లేకపోయింది, డబ్బు లేకపోయింది. రాగానే 1983 ఎన్నికలు. తెలుగుదేశం అప్పుడే పుట్టింది, ఊరి గోడలన్నీ రాతలే. రాత్రింబవళ్ళు నిచ్చెన మీదే ఉన్నాడు. ఆ తర్వాత దుకాణాల బోర్డులు, లారీల వెనక నెమళ్ళు, బడి గోడల మీద గాంధీ, నెహ్రూ. 2000 దాటాక ఫ్లెక్సీ వచ్చింది. పది నిమిషాల్లో యంత్రం బోర్డు కక్కేస్తుంటే నాలుగు రోజులు ఆగి కుంచెతో ఎవరు రాయించుకుంటారు? నాన్న ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాయడానికి కుదిరాడు. దాని గురించి కూడా ఏమీ అనలేదు.

అన్నది మా బంధువులు. ముఖ్యంగా మా మేనత్త. పండక్కో పబ్బానికో నలుగురూ చేరినప్పుడల్లా ఒకే పాట: "మా తమ్ముడు అక్కడే ఉండుంటే ఈపాటికి ఆర్ట్ డైరెక్టర్ అయ్యేవాడు. ఏం చేస్తాం, నాన్న టెలిగ్రాం ఇచ్చి పెళ్ళికి రప్పించేశాడు." 'మాయాబజార్'కు కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం చేసిన గోఖలేగారు గుంటూరు జిల్లావారే కదా, మనవాడు మాత్రం ఎందుకు కాకూడదూ అని ఆవిడ వాదన. వినడానికి తమ్ముడి మీద ప్రేమే. కాని ఆ మాట తిన్నగా పోయి ఎక్కడ గుచ్చుకుంటుందో వంటింట్లో గిన్నెల చప్పుడు వింటే తెలిసేది. పెళ్ళి వల్ల ఆగిపోయాడు అంటే పెళ్ళాం వల్ల ఆగిపోయాడనేగా అర్థం? అమ్మ నలభై రెండేళ్ళు ఆ నింద మోసింది. నాన్న అవుననలేదు, కాదనలేదు.

ఇక ప్రయాణం సంగతి. 2023 చివర్లో నాన్న గుమ్మం పక్క గోడకు భుజం కొట్టుకోవడం మొదలుపెట్టాడు. గుంటూరులో చూపిస్తే గ్లాకోమా అన్నారు. మన పెద్దలు నీటికాసులు అంటారే, అదే. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బ తింటుంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు. చూపు పక్కల నుంచి దొంగలా తరిగిపోతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. చెన్నైలో ఒకసారి చూపించుకుంటే మంచిదన్నారు. ఆ మాట విన్న సాయంత్రం నాన్న మెల్లిగా అన్నాడు:

"ఒరేయ్ అబ్బాయ్, మూడు టిక్కెట్లు తియ్యి. మీ అమ్మ కూడా వస్తుంది. నేను చూడగలిగినప్పుడే దానికి చూపించాలి గదా."

2024 ఫిబ్రవరిలో బయల్దేరాం. నేనుండేది బాపట్లలో. వాళ్ళిద్దరూ తెనాలిలో పినాకిని ఎక్కారు, నేను బాపట్లలో ఎక్కాను. 2022లో జిల్లాలు మార్చాక మా ఇంట్లో ఒక తమాషా ఉంది. అమ్మ పుట్టిల్లు రేపల్లె బాపట్ల జిల్లాకు వచ్చింది, మెట్టినిల్లు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. "ఇప్పుడు నేనూ పైజిల్లా సంబంధమే" అంటుంది అమ్మ. నేను ఎక్కేసరికే పులిహోర డబ్బా మూత తీసి ఉంది. చీరాల దాటకముందే సగం అయింది.

తెనాలి నుంచి మద్రాసు సుమారు 400 కిలోమీటర్లు. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట... దారి పొడుగునా నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ మాత్రం ఆయన వైపే చూస్తోంది, చూపు ఎంతవరకు ఆనుతోందోనని. "అదుగో కొంగలు" అంటుంది. ఆయన "ఆఁ ఆఁ" అంటాడు. చూశాడో లేదో!

సెంట్రల్‌లో దిగాం. ఆ ఎర్ర కట్టడం మారలేదు గాని పేరు మారింది. 2019 నుంచి దానికి ఎం.జి.రామచంద్రన్ పేరు. ఊరి పేరే 1996లో మారింది కదా, స్టేషన్‌ది ఒక లెక్కా! నాన్న బయటికి వచ్చి ట్రాం లేదు, జట్కా లేదు అంటాడనుకున్నారేమో. ఆయన మద్రాసులో ట్రాం చూడనేలేదు, అది 1953లోనే ఆగిపోయింది. ఆయన వెతికింది వడపళని వెళ్ళే బస్సు. నేను భూగర్భంలోకి మెట్లు చూపించాను. మెట్రో ఎక్కితే తిన్నగా వడపళనిలోనే దిగవచ్చు. అమ్మ అంత జనంలో కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో నాన్న మోచెయ్యి, రెండో చేత్తో పులిహోర డబ్బా పట్టుకుని, కదిలే మెట్ల ముందు ఆగిపోయింది. వెనక యాభైమంది. ఎవరో కుర్రాడు "వాంగమ్మా" అని చెయ్యి అందించాడు. ఎక్కేసింది. దిగాక వెనక్కి చూసి, "మళ్ళీ ఎక్కుదామా?" అంది.

కోయంబేడు వైపు రైలు నేల మీదికి, ఆ పైన వంతెన మీదికి వచ్చేసరికి ఊరంతా కాళ్ళ కింద పరుచుకుంది. కార్లు, ఆటోలు, మేడల మీద ఆరేసిన లుంగీలు, గుడి గోపురాలు, హారన్లు. అమ్మ నోట మాట లేదు. "ఇంతమంది ఎక్కడికి పోతున్నార్రా?" అంది చివరికి. నేనేం చెప్పను!

అసలు వింత వడపళనిలో జరిగింది. లాడ్జికి ఆటో మాట్లాడబోతే డ్రైవరు నోటికొచ్చిన ధర చెప్పాడు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టేలోగా వెనక నుంచి నాన్న గొంతు, "ఇన్నా నైనా..." అంటూ! ఆ తర్వాత అర నిమిషం పాటు ఆయన దంచిన తమిళం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆటో అతను ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, ధర సగం చేశాడు. అది పాత మద్రాసు వీధి భాష. ఆ 'నైనా' మన 'నాయనే'నట, మనవాళ్ళు అక్కడ వదిలేసి వచ్చిన మాట. ఆటోలో కూర్చున్నాక కూడా ఇద్దరూ కబుర్లే. నాన్న చేతులు ఊపుతున్నాడు, ఏదో వెక్కిరిస్తున్నాడు, పగలబడి నవ్వుతున్నాడు. అమ్మ బిత్తరపోయి చూస్తోంది. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి! నా చెవిలో, "ఈయన ఎవర్రా?" అంది. నవ్వుతూనే అంది గాని, కళ్ళలో నవ్వు లేదు.

సాయంత్రం వాహినీ చూడాలన్నాడు. నేను ముందే చెప్పాను, అక్కడ స్టూడియో లేదని. 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) తీసిన విజయావారి ఆవరణ అది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని చెప్పుకునేవారు. ఆ స్థలంలో ఒక వైపు ఆసుపత్రి, ఒక వైపు 2013లో తెరిచిన పెద్ద మాల్. నాన్న "తెలుసులే" అన్నాడు. మాల్ లోపలికి వెళ్ళాక మాత్రం దిక్కు తెలియనివాడిలా నాలుగు వైపులా తిరిగాడు. గేటు ఎటు ఉండేదో, ఫ్లోర్లు ఎటు ఉండేవో లెక్క కట్టడానికి ప్రయత్నించి, చెప్పుల షాపు ముందు నిలబడిపోయాడు. పైన మల్టీప్లెక్సులో ఏదో తమిళ సినిమా ఆడుతోంది. సినిమా తీసిన చోట సినిమా చూపిస్తున్నారు, అంతవరకు సంతోషం.

అమ్మే అడిగింది. "మీరు చేసిన పనేమిటో చెప్పండి." నలభై రెండేళ్ళలో ఆవిడ ఈ ప్రశ్న అడగలేదట, ఆయన చెప్పలేదట!

నాన్న అక్కడున్న స్తంభం మీద చెయ్యి వేసి మొదలుపెట్టాడు. చెక్కచట్రం కట్టి, గోనెపట్టా చుట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూస్తే స్తంభం. అది ఆరాక తెల్ల రంగు. ఆ తడి మీద బూడిద రంగులో ముంచిన కోడి ఈక పట్టుకుని, చెయ్యి వణికిస్తూ పైనుంచి కిందికి లాగితే పాలరాతి చారలు వస్తాయి. "చెయ్యి వణకాలి. కాని భయంతో వణక్కూడదు" అన్నాడు. గీత మరీ తిన్నగా వస్తే కెమెరా పట్టేస్తుంది. దీపాల వేడికి రంగు మెరిస్తే మళ్ళీ గచ్చులా పొడిపొడిగా పూత వెయ్యాలి. రాత్రంతా వేసిన రాజమందిరాన్ని షూటింగు అయ్యాక పొద్దుటికల్లా పీకేసి, ఆ చెక్కలతోనే పల్లెటూరి గుడిసె లేపేవాళ్ళట. "మరి బాధ కలగదూ?" అంది అమ్మ. "ఎందుకూ? కూలీ రెండుసార్లు వస్తుంది గదా!"

అమ్మ ఆ స్తంభాన్ని గోటితో గీకి చూసింది. "ఇది నిజం రాయేనా?" అంది. "నిజమే. పనితనం లేదు" అన్నాడు నాన్న.

మర్నాడు టీ నగర్. ఆసుపత్రి తారీఖు ఆ పై రోజు. ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, అక్కడి పార్కు పేరు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రధానమంత్రిగా చేసిన పానగల్ రాజావారిది. ఇద్దరూ తెలుగువాళ్ళే. రంగనాథన్ వీధిలో దూరాం. మాంబళం స్టేషన్ దగ్గర నుంచి మొదలయ్యే ఆ సందులో మనం నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. స్టీలు గిన్నెలు, జడపిన్నులు, చీరలు, మల్లెపూలు, చెరకు రసం. అమ్మ రెండు వాయిల్ చీరలు, మా చెల్లెలి పిల్లకు ఒక గౌను, ఒక ఇడ్లీపాత్ర బేరమాడింది. తమిళం ఒక్క ముక్క రాదు, వేళ్ళతోనే ఆడింది. గెలిచింది కూడా. నాన్నకు మాత్రం పక్క నుంచి వచ్చేవాళ్ళు కనపడక ఇద్దరు ముగ్గురు గుద్దుకున్నారు. అమ్మ బేరం ఆపి ఆయన కుడి వైపుకు వచ్చి నిలబడింది. ఆ వైపే చూపు తక్కువ.

ఎండకు తాళలేక పానగల్ పార్కులో కూలబడ్డాం. సినిమా వాళ్ళకు ఈ పార్కు సంగతి వేరే చెప్పాలా! వేషాల కోసం వచ్చినవాళ్ళు, కథలు పట్టుకు తిరిగేవాళ్ళు, డబ్బుల్లేక టిఫిను మానేసినవాళ్ళు ఈ చెట్ల కిందే పగళ్ళు గడిపారు. నాన్న ఒక బెంచీ చూపించి, "ఇక్కడ చాలా పడుకున్నా" అన్నాడు.

"అంత ఇష్టమైన ఊరు వదిలి రావడం నా వల్లేగా?" అంది అమ్మ. ఉపోద్ఘాతం లేదు. ఇడ్లీపాత్ర ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ అడిగింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

"నీ వల్ల కాదే. పని పోయింది."

1981 నాటికి రోజులు మారుతున్నాయి. అన్నపూర్ణా స్టూడియో 1976లోనే హైదరాబాదులో తెరిచారు. సెట్లు తగ్గి, నిజం ఇళ్ళల్లో, నిజం పల్లెల్లో తీయడం ఎక్కువైంది. నిజం గోడకు రంగులెందుకు? మేస్త్రీకి పని తగ్గింది, వారానికి రెండు రోజులు కూడా రాలేదు. ఎవరో ఒక నిర్మాత ఆరు వారాల కూలీ ఎగ్గొట్టాడు. మూడు నెలల గది అద్దె బాకీ. తిరిగి రావాలి, కాని ఓడిపోయి వచ్చాడంటారు. అందుకని ఈయనే వాళ్ళ నాన్నకు ఉత్తరం రాశాడు: 'ఏదైనా సంబంధం చూసి, వెంటనే రమ్మని టెలిగ్రాం కొట్టు, ఈ ఉత్తరం సంగతి ఎవరికీ చెప్పకు.' మా తాత మాట నిలబెట్టుకున్నాడు. 1994లో పోయేదాకా చెప్పలేదు.

"అయితే టెలిగ్రాం..." అంది అమ్మ.

"నేను అడిగిందే."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. మనం చూసిన సినిమాలు అలాంటివి మరి! ఏడవలేదు. కోపంతో మొహం ఎర్రబడింది. "మీ అక్కయ్య నలభై రెండేళ్ళు నన్నంటుంటే, పక్క గదిలో కూర్చుని విన్నారా? పని పోయిందని చెబితే నేను వద్దనేదాన్నా? పని లేనివాణ్ణి చేసుకున్నవాళ్ళు రేపల్లెలో లేరా?" అంది. పార్కులో నిద్రపోతున్న ఒక పెద్దమనిషి లేచి కూర్చున్నాడు. నాన్న తల దించుకున్నాడు. అమ్మ లేచి, ఇడ్లీపాత్ర నా చేతికిచ్చి, గేటు వైపు నడిచింది. పది అడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి నాన్న కుడి మోచెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటించాలి కదా. మాట మాత్రం లేదు.

ఆ మౌనం మర్నాడు ఆసుపత్రిలోనూ సాగింది. ఒక పెట్టెలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి, చుక్కల్లా వెలుతురు వేస్తారు. కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. నాన్న నొక్కినవి ఎన్నో, నొక్కనివి ఎన్నో కాయితం మీద నల్లటి మచ్చలుగా వచ్చాయి. కుడి కన్ను సగానికి పైగా నలుపు. ఎడమది చాలావరకు తెలుపు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, రెండు రకాల చుక్కల మందు జీవితాంతం మానకుండా వేసుకోవాలన్నారు. డాక్టరుగారు నాన్నను ఏమడిగినా అమ్మే జవాబు చెప్పింది. "ఆయన చెప్పరండీ, నన్నడగండి" అంది. డాక్టరుగారు నవ్వారు, ఆవిడకు తెలుగు వచ్చు. చుక్కలు వెయ్యడం అమ్మకే నేర్పారు. కింది రెప్ప లాగి ఒక్క చుక్క, కన్ను మూసి ముక్కు మూల మెల్లిగా నొక్కి పట్టుకోవాలి, రెండో మందుకు అయిదు నిమిషాలు ఆగాలి.

తిరుగు ప్రయాణం మళ్ళీ పినాకినిలోనే. నెల్లూరు దాకా ఇద్దరి మధ్యా ఇడ్లీపాత్ర కూర్చుంది. ఒంగోలు దాటాక అమ్మ, "మీ అత్తయ్యకు ఫోన్ కలుపు" అంది. కలిపాను.

"వదినా... ఆఁ, బాగానే ఉన్నారు. చుక్కల మందిచ్చారు... చీరలా? రెండు తీశాను. ఒకటి నీకే... అది కాదు వదినా, ఇంకో సంగతి ఉంది. ఫోన్లో కాదు. ఆదివారం మేమిద్దరం మీ ఇంటికొస్తున్నాం. ఉంటావుగా?"

ఫోన్ నాకిచ్చేసింది. నాన్న నీళ్ళు నమిలాడు. "నేనెందుకూ, నువ్వెళ్ళి రా" అన్నాడు.

"చెప్పాల్సింది మీరు" అంది అమ్మ. రెండు రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

చీరాల వెళ్ళిపోయింది. నేను బాపట్లలో దిగాలి, సంచి సర్దుకుంటున్నాను. అమ్మ టైము చూసి, మందు సీసా మూత తీసింది.

"తల వెనక్కి వాల్చండి."

రైలు ఊగుతోంది. నాన్న మారు మాట్లాడకుండా తల వాల్చాడు. అమ్మ ఎడమ చేత్తో ఆయన నుదురు గట్టిగా పట్టుకుని, రైలు కుదుపు ఆగే క్షణం కోసం చూసి, చెయ్యి వణక్కుండా ఒక్క చుక్క వేసింది. రెండోదానికి అయిదు నిమిషాలు ఆగాలి.